చిత్రావతికి ఇవ్వవలసిన కాగితాలు

14 జూన్ 1965, సోమవారం

నా మీద మోపబడిన నేరం ఇది: ఈ ఏడు వానను నేను శపించాను.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటాను. ఆ మాట అన్నాను. కాలేజీ డిబేట్లలో అవతలి పక్షం నోరు జారిన చోటల్లా పట్టుకుని గెలుస్తూ వచ్చినదాన్ని, మా ఇంటి వసారాలో నేనే నోరు జారాను. "అట్లయితే ఈ ఏడు ఏట్లో నీళ్ళే రాకుండా పోనీ" అన్నాను. మృగశిర కార్తె పుట్టి, ఇంటింటా విత్తనపు శెనక్కాయలు ఒలిచి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న ఊళ్ళో ఒక రైతు బిడ్డ అనదగిన మాట కాదు. కానీ నేరాన్ని విచారించేవారు సందర్భాన్ని కూడా విచారించాలి. ఈ ఊళ్ళో ఆ పని చేసేవారు లేరు కనుక నేనే చేసుకుంటున్నాను.

మా తాత గంగప్ప మాఘమాసంలో పోయాడు. ఆయన వదిలివెళ్ళింది ఒక ట్రంకుపెట్టెడు కాగితాలు. సేద్యం పని లేని రోజుల్లో ఊరూరా తిరిగి మా వంశ చరిత్రను సేకరించాడు. తొంభై ఏళ్ళ కిందటి ధాత కరువులో ఈ ఊరు విడిచి ఎవరెవరు నడిచిపోయారు, ఎక్కడ ఆగారు, ఎవరు తిరిగి రాలేదు, ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చారు, అన్నీ ముసలమ్మల ముందు కూర్చుని అడిగి రాసుకున్నాడు. తెల్లకాగితం కొనడం ఆయనకు దుబారా. శెనక్కాయల మండీ చీటీల వెనుక, పెళ్ళిపత్రికల వెనుక, ఎన్నికల కరపత్రాల వెనుక రాశాడు.

పోయినవారి చేతిరాతను ఇంట్లో ఉంచరాదని మా ఇంటి ఆచారం. మా ఏరు చిత్రావతిలో వదలాలి. బావిలోనో కుంటలోనో వేస్తే చెల్లదు, పారే నీరే కావాలి. చిత్రావతి పారి మూడేళ్ళయింది. కాగితాలకు దొరికిన వాయిదా అదొక్కటే. నిన్న మా పెదనాయన తిమ్మప్ప పెట్టెను అటక మీద నుంచి దింపించి, ఈసారి ఏరు పారిన మొదటి రోజే వదిలేద్దామన్నాడు. దానికి నా జవాబు అది.

పెదనాయన కోప్పడలేదు. నా వైపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా అవ్వ బయమ్మ మాత్రం రెండు చేతులతో నోరు మూసింది. తన నోరు కాదు, నాది.

పొద్దు మునిగేలోగా ఊరంతా తెలిసింది.


15 జూన్

వాన లేదు. సంతోషించాను. సంతోషించినందుకు అన్నం సయించలేదు.


27 జూన్, ఆదివారం, హాస్టల్

అనంతపురం వచ్చేశాను. పెట్టెను గడప దాటనివ్వలేదు. ఒక సంచిలో పట్టినన్ని కాగితాలు మాత్రం తెచ్చుకోగలిగాను, ధాత కరువువి, వాటితోపాటు మా వంశవృక్షం రాసిన చీటీ.

సమస్యను సరిగ్గా నిర్వచించుకుందాం. నిర్వచనం లేని వాదం వీధి జగడమే అవుతుంది. కాగితాలు ఇంట్లో ఉండటానికి ఆచారం ఒప్పుకోదు. నా దగ్గర ఉంచుకుందామంటే మార్చిలో హాస్టల్ ఖాళీ చేయాలి. ఆ తరువాత నన్ను ఏ ఊరికి ఇస్తారో, ఆ ఇంట్లో నా చీరలకే చోటుంటుందో లేదో తెలియదు. కనుక నాది కాని చోటు, మా ఇల్లు కాని చోటు, నా తరువాత కూడా నిలిచే చోటు కావాలి. అది ఏరు పారేలోగా దొరకాలి.

ఈ రాత్రి మళ్ళీ చదివాను. తాత వాక్యాలకు అలంకారం లేదు. "రాగులు అయిపోయినవి. మా నాయన అప్పటికి నడక రాని బిడ్డ. కూలికి వచ్చే రామక్క అతనిని చంకనేసుకుని బళ్ళారి దోవ పట్టినది. తన బిడ్డ గుత్తి దాటక మునుపే పోయినది. మా నాయన బతికినాడు." రామక్క మనుమరాలు మారెమ్మ ఇప్పటికీ మా పొలంలో కలుపు తీస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు, అంతే. తాత ఒక్కడే మారెమ్మ గుడిసె ముందు కూర్చుని అడిగి రాసుకున్నాడు.

దీన్నా ఏట్లో వదిలేది?


9 జూలై

కాలేజీ లైబ్రేరియన్ గారు మర్యాదస్థుడు. మర్యాదస్థులతో వాదించడం నాకు చేతకాదు.

కాగితాలను ఆసాంతం తిరగేసి, విడి కాగితాలకు ఆక్సెషన్ నంబర్ ఇవ్వలేమన్నారు. గ్రంథనామం, గ్రంథకర్త, ప్రచురణకర్త కావాలట. గంగప్పగారు జమీందారా, కవా, కనీసం రిటైర్డ్ తహసీల్దారా అని అడిగారు. రైతు అన్నాను. ఒక రైతు రాసుకున్న కాగితాలను ఒకసారి తీసుకుంటే జిల్లాలోని రైతులందరూ తెస్తారన్నారు. తెస్తే చరిత్ర పూర్తవుతుంది కదా అన్నాను. బీరువాలు ముందే నిండిపోతాయమ్మా అన్నారు.

పాయింట్ ఆయనదే. బీరువాలు నేను కూడా చూశాను.


22 జూలై

హిస్టరీ లెక్చరర్ గారికి కాగితాలు నచ్చాయి. ఆయన కళ్ళు మెరవడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. కరువు ధరలు, సర్కారు గంజి పోసిన దొడ్లు, రోడ్డు పని కూలి గురించిన భాగాలు తనకిస్తే జర్నల్‌కు వ్యాసం రాస్తానన్నారు. పేర్లు మాత్రం తీసేయాలన్నారు. ఎవరికి ఎవరు ఏమవుతారన్నది పాఠకులకు అనవసరమట.

మా తాత కరువు గురించి రాయలేదు సార్ అన్నాను. మనుషుల గురించి రాశాడు, మధ్యలో కరువు వచ్చింది, అన్నాను. సంచి తీసుకుని వచ్చేశాను. తలుపు కొంచెం గట్టిగా వేశానేమో.


1 ఆగస్టు, ఆదివారం

మా మేనత్త లక్ష్మక్కను ఉరవకొండకిచ్చారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. పెట్టె కొన్నాళ్ళు తన ఇంట్లో పెట్టుకోమని అడిగాను. ఆమె సంకటి వడ్డించి, నన్ను తిననిచ్చి, అప్పుడు చెప్పింది: పుట్టింటిలో పోయినవారి రాతను మెట్టినింటికి తెచ్చిందని తెలిస్తే అత్తగారు ఊరి వాకిలి దాకా తరుముతుందట. అత్తగారికి కళ్ళు కనబడవు కానీ పెట్టె చప్పుడు వినబడుతుందని చెప్పి తనే నవ్వింది.

తరువాత తన గురించి ఏమైనా రాశాడా అని అడిగింది. చదివి వినిపించాను. తనకంటే పెదనాయన ముందు పుట్టినట్టు రాసి ఉంది. లక్ష్మక్క మండిపడింది. "యాడ? నేను ముందర పుట్టినా. వాన్ని సంకనేసుకోని తిప్పినేది నేనే. రాయి, సరిగ్గా రాయి." పెన్సిలుతో పక్కన రాశాను. బస్సు దాకా వచ్చి, ఇంకోసారి చదివించుకుంది.

చోటు దొరకలేదు. ఒక తప్పు దిద్దబడింది.


15 ఆగస్టు

డిబేట్. మోషన్: మూఢనమ్మకాలే దేశాభివృద్ధికి ప్రధాన ఆటంకం. అనుకూలంగా మాట్లాడి కప్పు గెలిచాను. హాలు బయటికి వచ్చి చూస్తే పడమట మబ్బు పట్టి ఉంది.  మబ్బు విడిపోయేదాకా కప్పు చేతిలో పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాను.

ప్రధాన ఆటంకం!


29 ఆగస్టు, ఆదివారం, ఊరు

నేలను చూశాను. వేసిన కాయ మొలిచి, నాలుగాకులు వేసి, అక్కడే నల్లబడింది. మా ఎద్దుల్లో ఒక జతను సంతకు తోలారు. నాయన ఆ సంగతి నాకు చెప్పలేదు. ఖాళీ కొట్టం చూసి తెలుసుకున్నాను.

మారెమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. చేలో తీయడానికి కలుపు కూడా లేదు. ఇంకో పక్షం చూసి బళ్ళారి వైపు కూలికి పోతామని చెప్పింది. తమ్ముడు యేసన్న, అతని పిల్లలు ముందే పోయారట. రామక్క నడిచిన దోవే కదా అనుకున్నాను గానీ పైకి అనలేదు. మారెమ్మే అడిగింది.

"ఏం పాపా, ఏట్లో నీళ్ళు వద్దన్నేవంట?"

కాగితాల కోసం అన్నానని చెప్పాను. అందులో మీ అవ్వ రామక్క కూడా ఉంది, ఆమెను ఏటిపాలు చేయనివ్వనని చెప్పాను. గొప్ప వాదన చేస్తున్నాననుకున్నాను. మారెమ్మ కొడవలి మొనతో నేలను గీస్తూ విన్నది.

"మా యవ్వ పేరు ఉంటే మంచిదే పాపా. మీ తాత అడిగినపుడు నాకూ బాగుండె. కానీ పేరు కోసరము నీవు వాన వద్దంటే, మా యవ్వే నిన్ను తిడతాది. ఆయమ్మ నడిచినేది బతికేకి."

 డిబేట్లో అయితే రిబటల్‌కు, అంటే తిరుగు జవాబుకు, టైము ఇంకా ఉంది. నేను లేచి ఇంటిదారి పట్టాను.


30 ఆగస్టు

వానకు వ్యతిరేకంగా నేను ప్రతిపాదించిన తీర్మానాన్ని ఉపసంహరించుకుంటున్నాను. వాన రావాలి. కాగితాలూ ఉండాలి. రెండూ నెగ్గాలి.


28 సెప్టెంబరు, మంగళవారం, ఊరు

దసరా సెలవులు. వాన లేదు. ఊరి పెద్దలు భజనగుడి అరుగు మీద పురాణం చదివిస్తున్నారు. వాన కోసం ఇక్కడ అనాదిగా చేసేదే. పొద్దు వాలినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా చదువు సాగుతుంది. నియమం ఒకటే: మొదలుపెట్టిన పూట గొంతు ఆగరాదు. ఆగితే ఆ చదువంతా వృథా. చదివేది తిప్పయ్య, భజన బృందం పెద్ద. ఆయన గొంతు మొదటి రోజే బొంగురుపోయింది.

అరుగు మీద మగవారు, అరుగు కింద మా ఇళ్ళ ఆడవారు, వీధికి అవతల, గుడి మెట్టు ఎక్కరాని మారెమ్మ వాళ్ళు. ఆ వరస ఎవరూ చెప్పనక్కర లేకుండానే కుదురుతుంది.

మారెమ్మ బళ్ళారి పోలేదు. పురాణం అయ్యేదాకా చూసి పోతుందట.

కాగితాల సంచి నా భుజం దిగడం లేదు. పెదనాయన దాన్ని ఒకసారి చూసి అరుగు వైపు నడుస్తాడు. ఆచారం ఆయన వైపు ఉంది. తొందర పడవలసింది నేను.


30 సెప్టెంబరు, గురువారం

అరుగు మీద జరిగింది జరిగినట్టు రాస్తాను.

తిప్పయ్య గొంతు మధ్యలో పూర్తిగా పడిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అరుగు మీదివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చదువు వచ్చినవారికి గొంతు లేదు, గొంతున్నవారికి చదువు లేదు. పెదనాయన లేచి ఆడవారి వైపు చూశాడు.

"రత్నా, రా. వానను తిట్టిన నోరే కదా, పిలువు."

నవ్వారు. నేను అరుగెక్కాను. తిప్పయ్య చూపించిన పంక్తి నుంచి అందుకున్నాను. నాది కాలేజీ హాలు చివరి బెంచీ దాకా మైకు లేకుండా వినిపించే గొంతు. పద్యం, అర్థం, పద్యం, అర్థం. నాలుగు పుటలు బాగా సాగింది. అయిదవది తిప్పేసరికి పుట లేదు. దాని తరువాత కూడా లేదు. చెదలు తిన్నాయి. అట్ట దాకా మట్టిగూడే మిగిలింది. తిప్పయ్యకు ఆ సంగతి తెలుసో లేదో! తరువాతి భాగం ఆయన నోటికి చెప్పేవాడేమో. నా వైపు చేతులు ఊపుతున్నాడు, ఆపవద్దని. దీపాల వేళకు ఇంకా చాలా పొద్దుంది.

గొంతు ఆగరాదన్నది నియమం. ఏమి చదవాలన్నది నియమంలో లేదు.

సంచిలో చెయ్యి పెట్టి, అందిన కాగితాన్ని తీసి, అదే రాగంలో అందుకున్నాను. "ధాత సంవత్సరం, ఆశ్వయుజం. వాన లేదు. ఊరిలో పొగ లేచే ఇండ్లు తక్కువైనవి." మొదట ఎవరూ గమనించలేదు. పురాణంలో కరువు ఘట్టం వచ్చిందనుకున్నారు. ఒకరిద్దరు అయ్యో అన్నారు. ముదిగుబ్బ నుంచి నడిచివచ్చిన అక్కమ్మ అనే పిల్ల గురించి చదివినప్పుడు మా అవ్వ తలెత్తింది. అక్కమ్మ ఆమె తల్లి. అవ్వ పక్కనున్నవారి మోకాలు తట్టి, ఇది మా యమ్మ, మా యమ్మ అని చెప్పడం మొదలుపెట్టింది. ఇవి తాత కాగితాలని అప్పుడు అందరికీ తెలిసిపోయింది. అరుగు మీద కలకలం. పెదనాయన సగం లేచాడు. కానీ ఏం చేయగలడు? నన్ను ఆపితే చదువు తెగుతుంది. తెంపినవాడన్న పేరు ఆయనకు వస్తుంది. మళ్ళీ కూర్చున్నాడు.

పేర్లన్నీ చదివాను. లెక్చరర్ గారు తీసేయమన్న ప్రతి పేరూ చదివాను. ప్రతి ఇంటివారూ తమ పేరు కోసం వినడం మొదలుపెట్టారు. ఒకాయన తన ముత్తాత పేరు వినబడలేదని మధ్యలో అరిచాడు. ఆ ముత్తాత లేపాక్షి తిరునాళ్ళకు పోయి తిరిగి రాలేదని తరువాతి కాగితంలో వచ్చింది. సరే, ఉండాడు అని కూర్చున్నాడు.

రామక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాను. వీధి దాటి వినబడాలి కదా. "తన బిడ్డ గుత్తి దాటక మునుపే పోయినది. మా నాయన బతికినాడు." అవతల మారెమ్మ లేచి నిలబడింది. ఆమె వెంట అందరూ లేచారు.  పెదనాయన తల దించుకుని తువ్వాలు అంచును మడుస్తూ ఉండిపోయాడు. తాత రాసిన "మా నాయన" అంటే పెదనాయనకు తాత. రామక్క చంకలోని ఆ బిడ్డ లేకుంటే పెదనాయన లేడు, నేను లేను, ఈ జగడమూ లేదు.

దీపాలు పెట్టారు. ఆపాను.

ఎవరూ తిట్టలేదు. రేపేమి చదువుతావని తిప్పయ్య సైగ చేసి అడిగాడు.


1 అక్టోబరు

బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పింది. పంచాయతీ రేడియో దగ్గర నేను, నాయన తప్ప వినేవారు లేరు.

సాయంత్రం మిగతా కాగితాలు చదివాను. మధ్యలో చినుకు మొదలైంది. పుటలను పైట కింద దాచుకుని చదివాను.


2 అక్టోబరు, శనివారం

ఏరు వచ్చింది.

తెల్లవారకముందే చప్పుడు వినిపించింది. ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. ఎర్రని నీళ్ళు, వాటి మీద కంపచెట్లు, నురగ. నేను ఏడ్చాను. సంతోషంతోనే. ఈ మాటను ప్రమాణం చేసి రాస్తున్నాను. వెనుకనే పెదనాయన పెట్టెను బండి మీద వేసుకుని వచ్చాడు. ఇచ్చిన మాట కదా. నేను సంచి తీసి ఆయనకు ఇచ్చేశాను. వాదించలేదు. మారెమ్మ అక్కడే ఉంది. వాన వద్దని ఇంకోసారి అనడం నాకు సాధ్యం కాదు.

పెదనాయన పెట్టె మూత తీశాడు. ఎంతసేపటికీ చెయ్యి లోపలికి పోలేదు. అప్పుడు తిప్పయ్య, గుసగుసగా, అంతకంటే గొంతు లేదు గనుక, అన్నాడు:

"వానను పిలిచిన కాగితాలను ఏట్లో ఎట్లేస్తావు తిమ్మప్పా? వచ్చే కరువుకు ఏం చదవల్ల?"

"ఆచారముండాది కదన్నా."

"ఆచారము ఇంట్లో ఉంచగూడదని. గుడిలో ఉంచగూడదని యాడుండాది?"

పెదనాయన మూత వేసేశాడు. ఎంత త్వరగా వేశాడంటే, ఆయన కూడా ఎవరైనా ఆ మాట అంటారని ఎదురుచూస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది.

ఇక్కడ నేను చేసిన పని నా శత్రువు కూడా చేయడు. సత్యం చెప్పాను. వాన కాగితాలతో రాలేదని, తిట్టుతో ఆగలేదని, వాయుగుండం గురించి రేడియో నిన్ననే చెప్పిందని, దానికి నాయనే సాక్షి అని వాదించాను. పెట్టె పోతే పోనీ, అబద్ధం మీద నిలబడిన చోటు నాకు వద్దనుకున్నాను.

పెదనాయన ఓపికగా విన్నాడు.

"సరే పాపా. ఆ రేడియోకు ఎవురు చెప్పినారు?"

ఒడ్డంతా నవ్వు. మారెమ్మ కూడా నవ్వింది. కప్పులు గెలిచిన దినాలలో ఇంత హాయి ఎరుగను. అయినా ఒక సవరణ నెగ్గించుకున్నాను: కరువు వచ్చినప్పుడే కాదు, ఏరు పారిన ఏడు కూడా చదవాలి. తిప్పయ్య తలూపాడు.


3 అక్టోబరు

కాయ పోయింది గానీ ఉలవలకు అదను దొరికింది. మారెమ్మ పొద్దున్నే చేలో ఉంది. బళ్ళారి మాట ఎత్తలేదు.

పెట్టెను భజనగుడి లోపల, పురాణం బీరువా పక్కన పెట్టారు. పసుపు పూశారు, బొట్టు కూడా పెట్టారు. తాత చూసి ఉంటే తాళం కప్ప మార్చమని మాత్రం అనేవాడు. అవ్వ పోయి పెట్టె మీద చెయ్యి వేసి వచ్చింది.

సాయంత్రం మారెమ్మ వచ్చి రామక్క ఉన్న కాగితం ఒకసారి చూపించమంది. చదవడం రాదు, ఆ పేరు ఎట్లా ఉంటుందో చూడాలట. లోపలుంది, పద అన్నాను. ఆమె వీధికి అవతలే నిలబడిపోయింది. నేను గుడి మెట్టు మీద, ఆమె అక్కడ. 


4 అక్టోబరు

పొద్దున అరుగు మీద పెద్దలందరూ ఉండగా చెప్పాను, ఇట్లా:

"పెట్టె లోపలుండాలంటే మారెమ్మ లోపలికి రావల్ల. ఆయమ్మ రాగూడదంటారా, పెట్టె బయటికి తెండి, అందరమూ వీధిలోనే కూసోని చదువుకుందాము. మీరు తేల్చేంతవరకు నేను ఈ మెట్టు దిగను. చెప్పండి పెదనాయనా, ఏది?"